పిల్లల్ని ఎక్కించుకుని తిరగడానికి తేలికైన చార్జింగ్ బండి: కర్నూలువాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలులో చార్జింగ్ బండి కొందామనుకునేవాళ్లకు వచ్చే డౌట్లు తిప్పి తిప్పి అవే. స్కూలు గేటు ముందు ఒకరు, ఆఫీసులో ఒకరు, పెళ్లి భోజనాల దగ్గర ఇంకొకరు అడుగుతూనే ఉంటారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పడం కంటే ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు. పిల్లలు ఎక్కే బండి అన్న లెక్కతోనే ఇదంతా రాశాను కాబట్టి, ఒంటరిగా తిరిగేవాళ్లకు కొన్ని జాగ్రత్తలు అతిగా అనిపించవచ్చు.

## కొనాలా వద్దా అని తేల్చుకునేటప్పుడు

తేలిక బండి అంటే ఎన్ని కిలోలు? బరువు గురించి అంత ఆలోచించాలా?

మామూలు 110 సీసీ పెట్రోలు స్కూటరు 100 కిలోలకు కాస్త పైన ఉంటుంది. పెద్ద కంపెనీల రిజిస్ట్రేషన్ ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్లు చాలావరకు 100 నుంచి 130 కిలోల మధ్య తూగుతాయి. లైసెన్స్ అక్కర్లేని చిన్న బండ్లు అంతకంటే బాగా తక్కువ. ఎలక్ట్రిక్ సైకిలైతే 20, 25 కిలోలే.

పరుగెత్తే బండికి బరువు తెలియదు, ఆగిన బండికి తెలుస్తుంది. రాజ్‌విహార్ దగ్గర సిగ్నల్ పడింది, వెనక పాప పక్కకు వంగి ఏదో చూస్తోంది, ముందు బ్యాగు వేలాడుతోంది, మీ ఒక కాలు మాత్రమే నేల మీద ఉంది. అప్పుడు బండి కొద్దిగా వాలితే నిలబెట్టగలరా లేదా అన్నదే అసలు పరీక్ష. కంపెనీ చెప్పే టాప్ స్పీడు, కిలోమీటర్లు, స్క్రీన్ సైజు అన్నీ దాని తర్వాతే. అయితే మరీ తేలిక బండి మోసే బరువు కూడా తక్కువే. మీ బరువు, పిల్లల బరువు, బ్యాగులు, కూరగాయల సంచి అన్నీ కూడి, ఆ మొత్తాన్ని కంపెనీ చెప్పిన మోత సామర్థ్యంతో పోల్చుకోండి. స్కూటర్లకు అది సుమారు 150 కిలోలు, సైకిళ్లకు 100, 120.

ఎలక్ట్రిక్ సైకిల్ మీద పిల్లను స్కూలుకు తీసుకుపోవచ్చా?

స్కూలు రెండు మూడు కిలోమీటర్ల లోపు ఉండి, దారి కాలనీ వీధుల్లోనే పోతే భేషుగ్గా పోవచ్చు. చార్జింగ్ అయిపోయినా తొక్కుకుంటూ ఇల్లు చేరొచ్చు, మేడ మీదికి కూడా ఎత్తుకుపోవచ్చు.

చిక్కు వేరే చోట ఉంది. మన దగ్గర షాపుల్లో కనిపించే ఎలక్ట్రిక్ సైకిళ్లు ఎక్కువగా కుర్రకారు కోసం చేసినవి. వెనక క్యారియర్ ఉండదు, ఉన్నా దాని మీద ఎన్ని కిలోలు మోస్తుందో ముద్ర ఉంటుంది, చాలావాటికి అది 25 కిలోలే. వెనక బిగించే పిల్లల సీట్లు యూరప్ ప్రమాణం ప్రకారం 22 కిలోల వరకే. అంటే ఆరేడేళ్లు దాటిన పిల్లకు ఆ సీటు పనికిరాదు. క్యారియర్ మీద దిండు కట్టి కూచోబెడితే మడమ చక్రం ఊచల్లోకి పోతుంది. ఊచల్లో కాలు పడి గాయపడటం సైకిల్ వెనక కూచునే పిల్లలకు ఎప్పటి నుంచో ఉన్న ప్రమాదమే. ఊచలకు అడ్డుగా జాలీ, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు లేకుండా ఎక్కించొద్దు. సైడ్ స్టాండు తీసేసి రెండు కాళ్ల స్టాండు వేయించుకోండి. పిల్ల సీట్లో ఉండగా సైడ్ స్టాండు మీద నిలబెట్టిన సైకిల్ ఇట్టే పడిపోతుంది.

లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేని బండి చాలదా? ఎందుకు ఎక్కువ పెట్టాలి?

మోటారు పవరు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉండి, పుణెలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థ ధ్రువీకరిస్తే దాన్ని చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. అందుకే ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ అడగరు. ఆ సర్టిఫికెట్ కాపీ షాపువాళ్ల దగ్గర తీసుకుని డిక్కీలో పెట్టుకోండి.

ఇలాంటి బండితో రెండు ఇబ్బందులు. మొదటిది ఎత్తు. బండి, మీరు, పాప కలిపి 145 కిలోలు అనుకుందాం. నూటికి ఐదు వంతుల వాలున్న ఎగువ దారిలో 250 వాట్ల మోటారు ఈ బరువును గంటకు 10 కిలోమీటర్ల వేగానికి మించి లాగలేదు. బ్రిడ్జి ఎక్కేటప్పుడు వెనక లారీ ఉంటే ఎంత టెన్షనో ఊహించుకోండి. జగన్నాథ గట్టు వైపు రోజూ ఎక్కి దిగేవాళ్లు ఇలాంటి బండి ఆలోచన మానుకోవడమే మేలు. రెండోది హైవే. 44వ నంబరు జాతీయ రహదారి మీద పిల్లలతో 25 స్పీడులో పోవడం ఏ లెక్కన చూసినా మంచిది కాదు.

ఇంకోటి, "స్పీడు లాక్ తీసేస్తే 45 పోతుంది సార్" అని కొందరు షాపువాళ్లు ఆశ పెడతారు. లాక్ తీసిన క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు వాహనం. ఎవరికైనా తగిలిందంటే నష్టపరిహారం మొత్తం మీ జేబులోంచే పోతుంది. ఆ మాట అన్న షాపు నుంచి నేనైతే బయటికి వచ్చేస్తాను.

మాకు ఇద్దరు పిల్లలు. ఒకే బండి మీద ఇద్దరినీ తీసుకుపోవచ్చా?

మోటారు వాహనాల చట్టం 128వ సెక్షన్ ప్రకారం ద్విచక్ర వాహనం మీద నడిపే మనిషి కాకుండా ఇంకొక్కరే కూచోవాలి. పిల్లలకు మినహాయింపు లేదు. మీరితే 194సి సెక్షన్ కింద 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు. ఊళ్లో ముగ్గురేసి, నలుగురేసి పోతుంటే ఎవరూ ఆపడం లేదన్నది నిజమే. ఆపకపోయినంత మాత్రాన ప్రమాదం తగ్గదు.

బరువు లెక్క ఇక్కడ మనల్ని మోసం చేస్తుంది. తల్లి 60 కిలోలు, పిల్లలు 20, 28, బ్యాగులు 8 కలిపితే 116. బండి మోస్తుంది. మోయలేనిది మన చేతులు. ముందొకరు, వెనకొకరు కదులుతుంటే హ్యాండిల్ మీద పట్టు ఉండదు. స్కూలు దగ్గరైతే రెండు ట్రిప్పులు వేయండి, కరెంటు ఖర్చు రూపాయల్లోనే. దూరమైతే పెద్దవాడిని స్కూలు బస్సుకో, నమ్మకమైన ఆటోకో అప్పగించండి. పిల్లలిద్దరినీ ఎక్కించుకోవచ్చంటూ పొడుగు సీటు చూపించి అమ్మే బండిని ఆ ఒక్క కారణంతో కొనకండి.

ఇల్లు కల్లూరు, డ్యూటీ సి.క్యాంపు, మధ్యలో స్కూలు. ఎంత బ్యాటరీ కావాలి?

ఒక పిల్లతో, మామూలు వేగంతో పోయే స్కూటరు కిలోమీటరుకు సుమారు 30 వాట్ అవర్లు తింటుంది. రోజుకు 20 కిలోమీటర్లు తిరిగితే 600. రెండు కిలోవాట్ అవర్ల (అంటే 2000 వాట్ అవర్ల) బ్యాటరీ ఉంటే రెండు రోజులకు పైగా వస్తుంది. బ్యాటరీ సైజు ఎక్కడా కనిపించకపోతే, వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించండి: 48 వోల్టులు, 24 ఆంపియర్ అవర్లు అంటే 1152 వాట్ అవర్లు, ఒక యూనిట్ కరెంటు కంటే కాస్త ఎక్కువ.

ప్రకటనలో 100 కిలోమీటర్లు అంటే అది పరీక్షశాలలో వచ్చిన అంకె. పిల్లలతో, ఎండలో, గుంతల్లో మూడింట రెండొంతులే లెక్కేసుకోండి. అవసరానికి మించి పెద్ద బ్యాటరీ తీసుకుంటే ధరతో పాటు బరువూ పెరుగుతుంది. ఒక్కో కిలోవాట్ అవర్‌కు ఆరేడు కిలోలు అదనం. ఎప్పుడో ఒకసారి నంద్యాలకు పోవాలని పెద్ద బండి కొనేవాళ్లున్నారు. నంద్యాలకు బస్సులకేం కొదవ?

## షోరూములో

ట్రయల్‌లో ఏం చూడాలి?

ఒక్కరే పోయి రోడ్డు మీద రయ్యిమని ఒక రౌండు కొట్టి వస్తే ఏమీ తెలియదు. పిల్లను, నిండా పుస్తకాలున్న స్కూలు బ్యాగును వెంట తీసుకుపోండి. రోజూ బండి నడిపేది ఎవరో వాళ్లే నడపాలి. మా ఇళ్లల్లో బండి చూసేది ఆయన, నడిపేది ఆమె. సగం తప్పు కొనుగోళ్లు అక్కడే జరుగుతాయి.

పిల్ల కూచున్నాక బండి కదిలించకుండానే మొదలుపెట్టండి. రెండు కాళ్లూ నేలకు ఆనించి బండిని కొద్దిగా అటూ ఇటూ వంచి చూడండి. బండ్ల వరుసలోంచి వెనక్కి లాగండి. సెంటర్ స్టాండు వేయండి. ఇక్కడ చేతకాకపోతే స్కూలు దగ్గర అసలే చేతకాదు. తర్వాత మెల్లగా, నడిచే వేగంతో నేరుగా పోనివ్వండి. ఎలక్ట్రిక్ మోటారు మొదట్లోనే ఒక్కసారిగా లాగుతుంది, కాబట్టి యాక్సిలరేటర్ వెంట్రుకవాసి తిప్పినప్పుడు బండి ఎగిరిపడుతుందా, మెత్తగా కదులుతుందా అన్నది బాగా గమనించండి. ఇరుకు సందులో వెనక్కి మళ్లించి చూడండి. వన్ టౌన్ పాత వీధుల్లో ఉండేవాళ్లకు దీని అవసరం వేరే చెప్పనక్కర్లేదు.

మా ఆవిడ ఎత్తు ఐదడుగులే. ఏ బండి కాళ్లకు అందుతుంది?

చాలా ఎలక్ట్రిక్ స్కూటర్ల సీటు ఎత్తు 760 నుంచి 800 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఐదడుగుల మనిషికి 760 దగ్గర వేళ్లతో పాటు పాదం సగం ఆనుతుంది, 800 దగ్గర మునివేళ్లే. కానీ కాగితం మీది ఎత్తు ఒక్కటే చూడకండి. సీటు ముందు భాగం వెడల్పుగా ఉంటే తొడలు పక్కలకు పోయి కాలు ఇంకా పొట్టి అవుతుంది. అదే ఎత్తులో సన్నసీటు బండి హాయిగా అందుతుంది. చీరలో నడిపేవాళ్లు చీరలోనే ట్రయల్ వేయాలి. సీటు ఫోము చెక్కించి తగ్గించుకోవచ్చని షాపువాళ్లు చెబుతారు. ఒక అంగుళం దాకా ఫర్వాలేదు, అంతకు మించితే గుంతల్లో నడుము పోతుంది.

లెడ్ యాసిడ్, లిథియం, గ్రాఫీన్ అంటున్నారు. ఏది తీసుకోవాలి?

తేలిక బండి కావాలంటే లిథియమే. చవక బండ్లలో 12 వోల్టుల లెడ్ యాసిడ్ డబ్బాలు నాలుగో ఐదో ఉంటాయి. ఒక్కోటి ఎనిమిది, తొమ్మిది కిలోలు. అంటే బ్యాటరీల బరువే 35, 45 కిలోలు. అదే పని చేసే లిథియం ప్యాకు 10, 12 కిలోల్లో అయిపోతుంది. లెడ్ యాసిడ్ ఏడాదిన్నర, రెండేళ్లకు మార్చాల్సి వస్తుంది కూడా. చిన్న బండ్ల షాపుల్లో "గ్రాఫీన్" అని చెప్పి అమ్మేవి చాలావరకు లెడ్ యాసిడ్ కుటుంబంలోవే. ఒక డబ్బా చేత్తో ఎత్తి చూస్తే మీకే అర్థమవుతుంది.

లిథియంలో ఎన్ఎంసీ, ఎల్ఎఫ్‌పీ అని రెండు రకాలు ఎక్కువగా వస్తున్నాయి. ఎల్ఎఫ్‌పీ కాస్త బరువు, కానీ వేడిని బాగా తట్టుకుంటుంది, ఎక్కువసార్లు చార్జింగ్ పెట్టుకోవచ్చు. మే నెలలో 42, 43 డిగ్రీలు చూసే మన ఊరికి, రెండు బండ్లు మిగతా అన్నిట్లో సమానంగా ఉంటే నా ఓటు ఎల్ఎఫ్‌పీకే.

బ్యాటరీ ఊడదీసి ఇంట్లోకి తీసుకుపోయేది మంచిదా, బండికే ఉండేది మంచిదా?

మీ బండి ఎక్కడ ఆగుతుందో చూసుకుంటే చాలు. ఇంటి ముందు సొంత చోటు, గోడకు సాకెట్ ఉంటే బండికే ఉండే బ్యాటరీ సుఖం. మేడ మీద అద్దెకుంటే ఊడేదే దిక్కు. అయితే ఆ ప్యాకు 10 కిలోల పైనే ఉంటుంది. ఒక చేత్తో బ్యాటరీ, ఇంకో చేత్తో నిద్రపోతున్న బాబు, మెట్లు రెండంతస్తులు. ఇది రోజూ సాధ్యమా అని కొనకముందే ఆలోచించుకోండి.

సబ్సిడీ తీసేశారంట, నిజమేనా?

చార్జింగ్ బండ్లకు కేంద్రం సబ్సిడీ ఇచ్చిన ఫేమ్-2 పథకం 2024 మార్చి 31తో ముగిసింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి పీఎం ఈ-డ్రైవ్ అనే పథకం వచ్చింది. దాని కింద మొదట కిలోవాట్ అవర్‌కు 5000 రూపాయలు ఇచ్చారు, 2025 ఏప్రిల్ నుంచి 2500 చేశారు. రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న బండ్లకు ఇది రాలేదు. మీరు కొనే నాటికి సబ్సిడీ ఉంటే షోరూము బిల్లులోనే తగ్గించి చూపిస్తారు. ఇప్పిస్తామంటూ విడిగా డబ్బులు అడిగేవాళ్లను నమ్మొద్దు.

## పిల్లల్ని ఎక్కించుకునేటప్పుడు

ఎన్నో నెల నుంచి బండి మీద తీసుకుపోవచ్చు?

తొమ్మిది నెలల లోపు వద్దు. తనంతట తాను నిటారుగా కూచుని, మెడ నిలిపి, హెల్మెట్ బరువు మోయగలిగే దాకా ఆగాలి. చున్నీతో నడుముకు కట్టుకుని తీసుకుపోయే అలవాటు మన దగ్గర ఉంది. గుంతలో పడినప్పుడు చున్నీ నడుమునే పట్టుకుంటుంది, భుజాలను కాదు, బిడ్డ ముందుకు వంగిపోతుంది. పసిబిడ్డతో ఆసుపత్రికి పోవాలంటే ఆటో పిలవండి.

బాబును ముందు నిలబెట్టుకుంటే కళ్ల ముందే ఉంటాడు కదా, అదే సేఫ్ కాదా?

ఎక్కువమంది ఇలాగే అనుకుంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు నిలబడిన నాలుగేళ్ల బాబు మొహం హ్యాండిల్‌కు దగ్గరగా ఉంటుంది. కుక్క అడ్డం వచ్చి బ్రేకు వేస్తే మీ బరువంతా వెనక నుంచి వాడి మీదికి వస్తుంది. వాడి నోరు హ్యాండిల్‌కు కొట్టుకుంటుంది. మెల్లగా పోతున్నా ఇది తప్పదు.

చార్జింగ్ బండికి ఇంకో ప్రమాదం తోడవుతుంది. పెట్రోలు బండి ఆన్‌లో ఉంటే డుగుడుగు శబ్దం వస్తుంది, ఆఫ్ చేయాలని గుర్తుంటుంది. ఇది నిశ్శబ్దం. పాల ప్యాకెట్ కోసం కొట్టు ముందు ఆగి, బండి మీద కూచునే చేయి చాపుతాం. బాబు చేతులు ఎప్పుడూ హ్యాండిల్ మీదే కదా, వాడు సరదాకి యాక్సిలరేటర్ తిప్పుతాడు. బండి దూకుతుంది. పక్కనే బ్రేకు ఉందని వాడికి తెలియదు, మన చేయి బ్రేకు మీద లేదు. ఆగిన ప్రతిచోటా, ఒక్క నిమిషానికైనా సరే, కీ తిప్పేయడం అలవాటు చేసుకోండి. పార్క్ మోడ్ ఉన్న బండైతే మరీ మంచిది, బ్రేకు పట్టి బటన్ నొక్కితే తప్ప కదలదు. సైడ్ స్టాండు వేస్తే మోటారు ఆగిపోయే సౌకర్యం పనిచేస్తోందో లేదో షోరూములోనే పరీక్షించండి. పిల్లను ఎక్కించేది, దించేది కూడా కీ తీసేశాకే.

స్కూటరు ముందు బిగించే ఇనుప సీట్లు బజార్లో దొరుకుతాయి. అవి బాబును కూచోబెడతాయి గానీ, హ్యాండిల్‌కు కొట్టుకోకుండా ఆపవు.

చిన్నపిల్లలకు హెల్మెట్, బెల్టు తప్పనిసరా? ఏవి కొనాలి?

తప్పనిసరే. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలని చట్టంలోనే ఉంది. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల పిల్లల కోసం 2022 ఫిబ్రవరిలో కేంద్రం విడిగా రూల్స్ తెచ్చింది, 2023 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం పిల్లకు హెల్మెట్, నడిపేవారితో కట్టి ఉంచే బెల్టు ఉండాలి, బండి వేగం 40 దాటకూడదు. బెల్టు 30 కిలోల బరువు ఆపగలిగేదై ఉండాలి.

బెల్టు కొనేటప్పుడు భుజాల మీదుగా వచ్చే పట్టీలు ఉన్నదే తీసుకోండి. నడుము చుట్టూ మాత్రమే ఉండేది పనికిరాదు. బిగించాక పట్టీ కింద మీ రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరకూడదు. హెల్మెట్ పెద్దవాళ్లది పెట్టడం కంటే పెద్ద తప్పు లేదు, ఆ బరువుకు పిల్ల మెడ నొస్తుంది, పైగా కళ్ల మీదికి జారుతుంది. చిన్నపిల్లలకు సైకిల్ హెల్మెట్ వాడినా రూల్స్ ఒప్పుకుంటాయి, తేలిగ్గా ఉండి గాలి ఆడుతుంది. ఎండాకాలం లోపల పలుచటి నూలు గుడ్డ కట్టండి. చెమటకు చిరాకుపడి తీసేసే గొడవ తగ్గుతుంది.

స్కూలు బ్యాగు పిల్ల వీపుకే ఉంచాలా?

వద్దు. ఎలక్ట్రిక్ బండి బయల్దేరేటప్పుడు వచ్చే కుదుపుకు వీపు మీది బ్యాగు పిల్లను వెనక్కి లాగుతుంది. బ్యాగు మీ కాళ్ల మధ్య పెట్టుకోండి లేదా ముందు కొక్కేనికి తగిలించండి, పట్టీలు చక్రం దాకా వేలాడకుండా చూసుకోండి. హ్యాండిల్‌కు మాత్రం తగిలించొద్దు, మలుపులో హ్యాండిల్ తిరగదు. పిల్లతో ఉన్నప్పుడు బండిని ఎకో మోడ్‌లోనే (మెల్లగా లాగే మోడ్‌లో) పెట్టండి.

సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు పాప వెనక నిద్రపోతోంది. ఏం చేయాలి?

బెల్టు ఉన్నా తల పక్కకు వాలుతుంది, బండి ఆ వైపు లాగుతుంది. బయల్దేరేముందు నీళ్లు తాగించి, మొహం కడగండి. దారిలో మాటల్లో పెట్టండి. వెనక నుంచి జవాబు ఆగిపోయిందంటే పక్కకు ఆపి చూడాల్సిందే. ఏప్రిల్, మే ఎండల్లో ఇది నిద్ర కాకుండా వడదెబ్బ నీరసం కూడా కావచ్చు. నీడలో కూచోబెట్టి నీళ్లు ఇవ్వండి.

## ఎండ, వాన, చార్జింగ్

మన ఎండలకు బ్యాటరీ పేలిపోతుందా?

ఎండలో నిలిపినంత మాత్రాన మంచి బ్యాటరీ పేలదు. వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టడమే ముప్పు. చాలా లిథియం సెల్‌లకు చార్జింగ్ పెట్టే పై హద్దు 45 డిగ్రీలు. మే మధ్యాహ్నం మన రేకుల షెడ్డు లోపల వేడి దాన్ని దాటేస్తుంది. డ్యూటీ నుంచి రాగానే ప్లగ్గు పెట్టే అలవాటు మానేసి, బండిని ఒక గంట నీడలో చల్లారనివ్వండి. రాత్రి ఎనిమిది, పది మధ్యో, తెల్లవారుజామునో పెట్టుకోండి. మనం మేలుకుని ఉండే వేళే మంచిది.

2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో చార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది దేశమంతా జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాత ఏఐఎస్-156 అనే బ్యాటరీ భద్రతా ప్రమాణాన్ని కట్టుదిట్టం చేశారు. కొత్త నిబంధనలు 2022 డిసెంబరు, 2023 మార్చిలో రెండు దఫాలుగా అమల్లోకి వచ్చాయి. అంతకుముందు తయారైన సెకండ్ హ్యాండ్ బండి ఎంత చవకగా వచ్చినా పిల్లలున్న ఇంటికి వద్దంటాను. కొత్తదైనా సరే పడకగదిలో చార్జింగ్ పెట్టకండి, బయటికి పోయే ఒకే ఒక్క తలుపు పక్కన కూడా పెట్టకండి.

జంక్షన్ బాక్సు పెట్టి చార్జింగ్ చేసుకోవచ్చా?

సన్న వైరు జంక్షన్ బాక్సుతో వద్దు. చార్జరు గంటల తరబడి ఆగకుండా కరెంటు లాగుతుంది, టీవీకి పనికొచ్చే వైరు దీనికి చాలదు. అరగంట తర్వాత ప్లగ్గు పట్టుకుని చూడండి. వేడిగా కాలుతుంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బండి నిలిపే చోటికి విడిగా లైను, మంచి సాకెట్ వేయించండి. ఎర్తింగ్ కూడా చూపించండి. ఎండాకాలం నేల ఎండిపోయి ఎర్త్ సరిగా అందదు, ఎర్త్ గుంతలో అప్పుడప్పుడు నీళ్లు పోయడం మర్చిపోవద్దు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

రోజుకు 20 కిలోమీటర్లకు, చార్జింగ్‌లో పోయేది కలుపుకుని, 0.7 యూనిట్. నెలకు 25 రోజులంటే 17, 18 యూనిట్లు. యూనిట్ 6 రూపాయలు అనుకుంటే నెలకు 105 రూపాయల దాకా. శ్లాబు మారితే ఇంకాస్త. అదే దూరానికి పెట్రోలు స్కూటరుకు నెలకు వెయ్యి దాటుతుంది. కానీ ఆ మిగులంతా లాభం అనుకోకండి, ఎప్పుడో ఒకనాడు బ్యాటరీ మార్చే ఖర్చు ఉంది. నెలకు కొంత పక్కన పెట్టేవాళ్లు అప్పుడు కంగారు పడరు.

వానలో నడపొచ్చా? నీళ్లు నిలిచిన రోడ్డు దాటొచ్చా?

వానలో నడపొచ్చు. ఐపీ67 అని రాసి ఉన్న బ్యాటరీ మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా లోపలికి నీరు పోదు. అయితే అది బ్యాటరీ గురించిన మాట, బండి మొత్తం గురించి కాదు. కనెక్టర్లు, బ్రేకులు, బేరింగులు తడుస్తాయి. పైగా కింద మ్యాన్‌హోల్ ఉందో గుంత ఉందో కనపడదు. 2009 అక్టోబరు వరద చూసిన కర్నూలువాళ్లకు నీళ్ల గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. పిల్లతో ఉంటే చక్రం సగం మునిగే నీళ్లలోకి దిగొద్దు. తడిసిన బండిని తుడిచి, ఆరనిచ్చాకే చార్జింగ్. ఇంటి ముందు మురిక్కాలువ మీద నాపబండల వాలు ఉన్నవాళ్లు, తడి బండ మీద పిల్లను దింపేసి బండిని తోసుకుంటూ ఎక్కించండి.

## కొన్నాక

పంచర్ అయితే మామూలు షాపులో వేస్తారా?

ట్యూబ్‌లెస్ టైరైతే ఎవరైనా చక్రం ఊడదీయకుండానే వేస్తారు. ట్యూబు ఉండి, మోటారు వెనక చక్రంలోనే ఉన్న బండికి కష్టం. చక్రం విప్పేటప్పుడు మోటారు వైరు లాగినట్టయి తెగిపోవచ్చు. విప్పేముందే ఆ వైరు సంగతి చెప్పి, దగ్గరుండి చూసుకోండి. మన ఊరి శివార్లలో కంపచెట్ల ముళ్లకు సైకిల్ ట్యూబులు నిలవవు, ట్యూబులో పంచర్ లిక్విడ్ పోయించుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. వెనక మనిషి ఉన్నప్పుడు గాలి ఎంత ఉండాలో బండి మీద స్టిక్కరు ఉంటుంది, అంత కొట్టించండి.

సర్వీసు సెంటరు కర్నూలులో లేకపోతే కొనొచ్చా?

కొనొద్దు. ఆగిపోయిన చార్జింగ్ బండిని మామూలు మెకానిక్కు బాగుచేయలేడు, హైదరాబాదుకు లారీలో పంపే ఖర్చు ఆలోచించండి. కొనేముందు ఊళ్లోని సర్వీసు సెంటరుకు ఒకసారి పోయి, పార్టుల కోసం ఎదురుచూస్తూ ఎన్ని బండ్లు దుమ్ము పట్టి ఉన్నాయో చూడండి. ఏ ప్రకటనా చెప్పని సంగతి అది చెబుతుంది.

బ్యాటరీ పాతబడి తక్కువ దూరం వస్తోంది. మార్చాక పాతదాన్ని ఏం చేయాలి?

ముందు టైర్లలో గాలి, బ్రేకు పట్టేస్తోందా అన్నవి చూపించండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. బ్యాటరీయే అని తేలితే వారంటీ కాగితంలో ఎంత శాతానికి తగ్గితే మారుస్తారో చదవండి. మీరు సొంతంగా ప్యాకు విప్పించినా, వేరే చార్జరు వాడినా ఆ వారంటీ పోతుంది. బయట సెల్‌లు మార్చి తక్కువకు చేసిస్తామనేవాళ్ల దగ్గరికి పోవద్దు, లోపలి బీఎంఎస్‌ను (బ్యాటరీని కాపాడే సర్క్యూట్‌ను) పక్కకు తప్పించి అతికించే పనులు ఎక్కువ.

లెడ్ యాసిడ్ డబ్బాలను కొత్తవి కొనేచోట ఇస్తే పాతవాటికి కిలోల లెక్కన తగ్గిస్తారు. లిథియం ప్యాకును మాత్రం పాత ఇనుము సామాన్లవాడికి వేయకండి. సుత్తితో కొడితే మంట లేస్తుంది. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదే. కొత్త ప్యాకు బిల్లు చేయించేటప్పుడే పాతది అప్పగించి, రసీదు తీసుకోండి.